పోకో ఎఫ్1లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 2025, మొదటి వారం

2018 ఆగస్టులో మన దేశంలో 20,999 రూపాయల ప్రారంభ ధరతో విడుదలైన పోకో ఎఫ్1 ఫోన్‌లో, గూగుల్ సేవలతో నిమిత్తం లేకుండా బహిరంగంగా తయారవుతున్న పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిలబెట్టి, దానితో తెలుగులో రాసుకోవడం, కాల్స్ మాట్లాడటం, డబ్బు పంపడం అనే మూడు నిత్యావసరాలు ఎంతవరకు తీరుతాయో పరీక్షించడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. బహిరంగ ఆపరేటింగ్ సిస్టమ్‌ల భవిష్యత్తు గురించి జరిగే చర్చ ఎక్కువగా యాప్‌ల చుట్టూ, తెరపై కనిపించే అందచందాల చుట్టూ తిరుగుతుంది. ఆ భవిష్యత్తు అసలు తేలేది ఫోన్ తయారీదారుల దగ్గరేనని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఒక ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, పని ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఎవరి వల్ల ఆగుతుందో రాసి పెట్టుకుంటే ఆ సంగతి స్పష్టమవుతుంది.

ఈ ఫోన్‌నే ఎంచుకోవడానికి కారణం ఇందులోని స్నాప్‌డ్రాగన్ 845 చిప్. ఇదే చిప్‌తో 2019లో డ్రాగన్‌బోర్డ్ 845సీ అనే అభివృద్ధి బోర్డు వచ్చింది. ఆ బోర్డు కోసం లినారో సంస్థ ఇంజనీర్లు చిప్‌లోని భాగాలను నడిపే డ్రైవర్లు అనే ప్రోగ్రాములు రాసి, సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్‌లో, అంటే అందరూ ఉమ్మడిగా వాడే ప్రధాన లినక్స్ కెర్నెల్‌లో చేర్పించారు. ఆ పని ఫలితం అదే చిప్ ఉన్న వన్‌ప్లస్ 6, 6టీ, జర్మనీకి చెందిన షిఫ్ట్ 6ఎంక్యూ, పోకో ఎఫ్1 ఫోన్లన్నిటికీ దక్కింది. గ్రాఫిక్స్ విభాగానిది మరో చరిత్ర. ఆడ్రినో అనే గ్రాఫిక్స్ చిప్‌లు ఎలా పనిచేస్తాయో ఔత్సాహికులు 2012 నుంచి బయటి నుంచే శోధించి రాసిన ఫ్రీడ్రీనో డ్రైవర్ ఈ రోజు ఈ ఫోన్ తెరను నడుపుతోంది.

ఫోన్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ కింద ఉన్నది 4.9 శ్రేణి కెర్నెల్. అది 2016 డిసెంబర్ నాటిది, అంటే ఫోన్ దుకాణానికి వచ్చేసరికే దాని వయసు ఏడాదిన్నర దాటింది. చిప్ తయారీదారు ఆ కెర్నెల్‌ను విడిగా తీసుకుని తన మార్పులు చేరుస్తాడు, వాటి మీద ఫోన్ తయారీదారు తన మార్పులు చేరుస్తాడు, ఆ రెండు పొరల్లో అత్యధిక భాగం ప్రధాన కెర్నెల్‌కు ఎన్నడూ తిరిగి చేరదు. 4.9 శ్రేణికి కెర్నెల్ నిర్వాహకులు మరమ్మతులు ఆపింది 2023 జనవరిలో. ఈ ఫోన్‌కు అధికారికంగా అందిన చివరి వెర్షన్ ఆండ్రాయిడ్ 10. ఆరు జీబీల ర్యామ్, ఇప్పటికీ వేగం తగ్గని ప్రాసెసర్ ఉన్న పరికరం కేవలం సాఫ్ట్‌వేర్ అందక మూలన పడుతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆండ్రాయిడ్ కోడ్‌తో ఔత్సాహికులు తయారుచేసే లీనియేజ్‌ఓఎస్ కూడా ఈ ఫోన్‌కు దొరుకుతుంది, వేయడం సులభం, ఆండ్రాయిడ్ యాప్‌లు చాలావరకు నడుస్తాయి. కానీ అది తయారీదారు వదిలి వెళ్లిన పాత కెర్నెల్ మీదే, మూసిన డ్రైవర్ల మీదే ఆధారపడుతుంది. దానికి పునాది అయిన ఆండ్రాయిడ్ సోర్సు కోడ్ విషయంలోనూ పరిస్థితి మారుతోంది. 2025 మార్చి నుంచి గూగుల్ ఆండ్రాయిడ్ అభివృద్ధినంతటినీ బయటివాళ్లకు కనిపించని లోపలి కోడ్ శాఖకు మార్చి, విడుదల సమయంలో మాత్రమే కోడ్ బయట పెడుతోంది. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 వచ్చినప్పుడు పిక్సెల్ ఫోన్ల హార్డ్‌వేర్ వివరాల ఫైళ్లను అంతకుముందులా కోడ్‌తో పాటు ఇవ్వలేదు. ఇతరులు తమ సిస్టమ్‌లను పరీక్షించుకోవడానికి ఇన్నేళ్లూ నమూనాగా పెట్టుకున్నది ఆ ఫోన్లనే. అందుకే ఆండ్రాయిడ్‌తో సంబంధం లేని దారిని తీసుకున్నాను. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ 2017లో మొదలైంది. ఆల్పైన్ లినక్స్ దీనికి ఆధారం, ఒక ఫోన్ పదేళ్లు పనికిరావాలన్నది దాని మూలసంకల్పం.

సెప్టెంబర్ చివరి వారం

మొదట బ్యాటరీ. ఏడేళ్ల ఫోన్ కాబట్టి పాత బ్యాటరీ వెనక పలకను నెట్టేంతగా ఉబ్బింది. ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో బీఎం4ఈ అని అడిగితే వెంటనే తీసిచ్చారు, అక్కడే మార్పించాను. ఇంత పాత ఫోన్‌కు విడిభాగం దొరకడం హైదరాబాదులో కష్టం కాదు. దొరకనిదల్లా సాఫ్ట్‌వేరే.

తరువాత బూట్‌లోడర్. ఫోన్ ఆన్ కాగానే మొట్టమొదట నడిచే ఈ చిన్న ప్రోగ్రాము, తయారీదారు సంతకం లేని ఏ సిస్టమ్‌నూ లోడ్ కానివ్వదు. దాని తాళం తీయడానికి తయారీదారు దగ్గర ఖాతా తెరిచి, ఫోన్‌ను ఆ ఖాతాకు జతచేసి, 168 గంటలు ఆగి, విండోస్ కంప్యూటర్‌లో వాళ్ల ప్రోగ్రాము నడపాలి. గడువు ముగిశాక తాళం తెరుచుకుంది. కొన్న వస్తువును మార్చుకోవడానికి అమ్మినవాడి సర్వర్ అనుమతి కావాలి, ఆ సర్వర్‌ను రేపు ఆపేస్తే ఆ రోజుకు తాళం తీయని ఫోన్లన్నీ అలాగే ఉండిపోతాయి. ఈ ఒక్క అంశం మీద బహిరంగ సిస్టమ్‌ల ఉద్యమమంతా ఆధారపడి ఉందని గట్టిగా అనుకుంటున్నాను. పోకో ఫోన్ల వెనక ఉన్న షియోమీ 2023 చివరలో హైపర్‌ఓఎస్ అనే తన కొత్త సిస్టమ్ తెచ్చాక తాళం తీసే నిబంధనలను బాగా బిగించింది. 2025 జూలైలో శాంసంగ్ తన ఆండ్రాయిడ్ రూపమైన వన్ యూఐ 8తో తెచ్చిన ఫోన్లలో ఆ సదుపాయమే కనిపించకుండా పోయింది. డ్రైవర్లు లేకపోతే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని రాస్తారు, ఫ్రీడ్రీనో అందుకు సాక్ష్యం. తాళమే తీయనివ్వకపోతే ఎంత నేర్పున్నవాళ్లకైనా చేయడానికేమీ ఉండదు.

సిస్టమ్ వేయడానికి ముందు మరో సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకే పేరుతో, ఒకే ధరకు అమ్మిన పోకో ఎఫ్1లో రెండు వేరువేరు కంపెనీల తెరలున్నాయి: కొన్నింటిలో టియాన్మా, మరికొన్నింటిలో ఈబీబీజీ. వాటిని నడిపే చిప్‌లు కూడా వేరు, మొదటిదానికి నోవాటెక్, రెండోదానికి ఫోకల్‌టెక్. పెట్టె మీదా, సెట్టింగుల్లోనూ ఎక్కడా ఆ వివరం ఉండదు. ఫోన్‌ను టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీ ప్రోగ్రాములో (అసలు సిస్టమ్ బదులు నడిచే చిన్న మరమ్మతు సిస్టమ్) తెరిచి, బూట్‌లోడర్ కెర్నెల్‌కు అందించే పరామితుల వరుసను చదివితే నా ఫోన్‌లో ఉన్నది టియాన్మా అని తేలింది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ఈ రెండింటికీ విడివిడిగా కెర్నెల్ ఇమేజ్ ఇస్తుంది. తెరల సరఫరాదారును మార్చుకోవడం తయారీదారులకు మామూలు విషయమే. ఆ మార్పు గురించి ఒక్క వాక్యం బయటికి చెప్పినా ఎన్నో గంటల వెతుకులాట తప్పుతుంది.

మిగతాది సాఫీగా సాగింది. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌ను కట్టే పీఎంబూట్‌స్ట్రాప్ అనే ప్రోగ్రాము కంప్యూటర్‌లో అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చి, ఫోన్‌లో ఎక్కించే ఇమేజ్ ఫైలు కట్టించాను. పాత ఆండ్రాయిడ్ కెర్నెల్ కోసం ఉన్న డీటీబీఓ విభాగాన్ని ఫాస్ట్‌బూట్‌తో (కంప్యూటర్ నుంచి ఫోన్ విభాగాలను మార్చే పనిముట్టు) చెరిపి, యూజర్‌డేటా విభాగంలోకి కొత్త సిస్టమ్‌ను, బూట్ విభాగంలోకి ఆరో శ్రేణి కెర్నెల్‌ను ఎక్కించాను. తెరపై ఫోష్ వచ్చింది, ఐకాన్లు, మెనూలు చూపించే తెర వ్యవస్థ ఇది. వైఫై, స్పర్శ, శబ్దం, గ్రాఫిక్స్ మొదటిసారే పనిచేశాయి. ఫోష్‌ను రాయించింది ప్యూరిజం అనే చిన్న అమెరికన్ తయారీదారు, తన లిబ్రెమ్ 5 ఫోన్ కోసం. ఆ ఫోన్ కొన్నవాళ్లు కొద్దిమందే, కానీ దాని కోసం రాసిన కోడ్ ఈ రోజు వేరే కంపెనీ ఫోన్‌లో, హైదరాబాదులో నా బల్ల మీద నడుస్తోంది. తయారీదారు తన పనిని బహిరంగంగా చేస్తే అది ఆ కంపెనీ అమ్మకాలతో ముడిపడకుండా బతుకుతుందనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

అక్టోబర్ 2025

ఈ నెలంతా తెలుగుకే కేటాయించాను. ఈ పనిలో చాలా ఆనందం దొరికింది.

కొత్త సిస్టమ్‌లో తెలుగు పేజీ తెరిస్తే అన్నీ ఖాళీ గళ్లే కనిపించాయి. ఆల్పైన్‌లో ఉన్న నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ వేయగానే అక్షరాలు వచ్చాయి, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము ఒత్తులను సరిగ్గానే కూర్చింది. చదువుకోవడానికి మండలి ఫాంటును కూడా చేర్చాను, అది స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ దొరుకుతుంది. మెనూలు సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో ఉన్నాయి. స్వేచ్ఛ సంస్థ వంటి బృందాల్లోని తెలుగువాళ్లు లినక్స్ డెస్క్‌టాప్‌ను అనువదించిన పని ఇన్నేళ్ల తరువాత ఈ చిన్న తెర మీద అక్కరకు రావడం చూసి సంతోషించాను. వాళ్లు వదిలిన చోటి నుంచి అందుకోవాల్సినవాళ్లు తక్కువగా ఉన్నారన్నదీ అంతే స్పష్టంగా కనిపించింది.

అసలు పని కీబోర్డుది. ఫోష్‌తో నేను వాడుతున్న కీబోర్డు స్క్వీక్‌బోర్డ్. నా ఫోన్‌లో వేసిన కూర్పులో తెలుగు అమరిక లేదు. ఇందులోని సుగుణమేమిటంటే ఏ భాష అమరిక అయినా యామల్ అనే పద్ధతిలో రాసిన ఒక ఫైలు మాత్రమే. ఏ వరుసలో ఏ మీటలుండాలో మామూలు పాఠంగా రాసి, హోమ్ ఫోల్డర్‌లో నిర్ణీత చోట పెడితే చాలు, ప్రోగ్రామును మళ్లీ కట్టనక్కర్లేదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికనే ఆధారంగా తీసుకున్నాను. ఎడమవైపు గుణింతపు గుర్తులు, కుడివైపు హల్లులు, షిఫ్ట్ నొక్కితే గుర్తుల చోట అచ్చులు, క చోట ఖ, గ చోట ఘ. పై వరుసలో ఔత్వం నుంచి డ వరకు పదకొండు మీటలు వస్తాయి. 6.18 అంగుళాల తెరను నిలువుగా పట్టుకుంటే ఆ మీటలు బొటనవేలికి ఇరుకుగా ఉన్నాయి. మీటల మధ్య ఖాళీ తగ్గించి, ఒక్కో వరుస ఎత్తు కొంచెం పెంచాక రాయడం కుదురుకుంది.

రెండు చిక్కులు ప్రత్యేకంగా చెప్పదగినవి. గుణింతపు గుర్తులు ఒంటరిగా నిలబడవు కనుక, మీట మీద ప్రతి గుర్తు పక్కనా చుక్కల వలయం కనిపించింది. మొదట దాన్ని తీసేయాలనుకున్నాను. అచ్చయిన ఇన్‌స్క్రిప్ట్ పటాల్లో కూడా అలాగే ఉంటుందనీ, అలవాటున్నవాళ్లకు అదే గుర్తుపట్టడానికి వీలనీ చూసి ఉంచేశాను. రెండోది ‘ఫోన్‌లో’, ‘హైదరాబాద్‌కు’ వంటి మాటలు. పొల్లు తరువాత వెడల్పు లేని ఒక విభజన అక్షరం వేయకపోతే ‘ఫోన్లో’ అని ఒత్తుగా మారిపోతుంది. మనం రోజూ రాసే వాక్యాల్లో ఈ అవసరం అడుగడుగునా వస్తుంది. స్పేస్ మీట పక్కన దానికొక ప్రత్యేకమైన మీట ఇచ్చాను. ఈ డైరీలో ఈ నెల నమోదంతా ఆ కీబోర్డుతోనే రాశాను.

ఫైలును ప్రధాన ప్రాజెక్టుకు పంపడానికి సిద్ధం చేస్తున్నాను. ఒక భాష మాట్లాడే సాధారణ వినియోగదారుడు ఒక్క ఫైలు రాసి తన భాషకు చోటు కల్పించుకోగలగడం ఈ సిస్టమ్‌ల అసలు బలం. 2017లో జియోఫోన్ వచ్చినప్పుడు అందులో మన భాషలుంటాయా లేదా అన్నది కంపెనీయే నిర్ణయించింది. ఉండటం మంచిదే అయింది, కానీ నిర్ణయం మాత్రం మన చేతిలో లేదు.

నవంబర్ 2025

కాల్స్ దగ్గర పని బిగుసుకుంది.

4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్ సిమ్ వేస్తే డేటా చక్కగా వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు. ఆ నెట్‌వర్క్‌లలో గొంతు కూడా డేటా ప్యాకెట్లుగానే వెళ్లాలి, అదే వోల్టీ. దాన్ని నెట్‌వర్క్‌లో నమోదు చేయించే సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం మోడెమ్ ఫర్మ్‌వేర్‌లో (నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్‌లోపలి సాఫ్ట్‌వేర్), మరికొంత ఆండ్రాయిడ్ వైపున మూసిన ప్రోగ్రాముల్లో ఉంటుంది. ఆండ్రాయిడ్‌ను తీసేస్తే ఆ రెండో సగం పోతుంది. 2జీ ఇంకా నడుపుతున్న మరో కంపెనీ సిమ్ వేస్తే ఫోన్ 2జీకి దిగి కాల్ కలుపుతుంది, రెండు వైపులా మాట వినిపిస్తుంది. అంటే ఈ ఫోన్ మాట్లాడగలగడం మన దేశంలో 2జీ ఎంతకాలం ఉంటుందన్న దాని మీద ఆధారపడి ఉంది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీని ఆపేసి, వోల్టీని తన జాబితాలోని ఫోన్లకే పరిమితం చేసింది. అక్కడున్న మనవాళ్లెవరైనా ఇలాంటి ఫోన్ వాడాలనుకుంటే తాళం తీయడంతో సమస్య తీరదు, నెట్‌వర్క్ ఒప్పుకోవాలి.

మోడెమ్ ఫర్మ్‌వేర్ ఎవరికీ తెలియని పెట్టెగానే ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అక్టోబర్‌లో ప్రకటించిన లిబ్రెఫోన్ ప్రాజెక్టు ఫోన్లలో మిగిలిపోయిన ఇలాంటి మూసిన భాగాల మీదే దృష్టి పెట్టింది. అది పూర్తికావడానికి చాలా ఏళ్లు పడుతుందని నా అంచనా, అయినా మొదలవడమే మేలు.

ఇక డబ్బు సంగతి. వేడ్రాయిడ్ అనే సదుపాయంతో లినక్స్ లోపలే ఒక లీనియేజ్‌ఓఎస్‌ను నడిపి అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు వేసుకోవచ్చు. వార్తలు, మ్యాపులు, పుస్తకాల యాప్‌లు పనిచేశాయి. నా బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోగానే, ఈ పరికరం సురక్షితం కాదని చెప్పి మూసుకుంది. ఇలాంటి యాప్‌లు గూగుల్ ఇచ్చే ప్లే ఇంటిగ్రిటీ వంటి పరీక్షలను అడుగుతాయి. ఫోన్ బూట్‌లోడర్ తాళం వేసి ఉందా, సిస్టమ్ గూగుల్ ధ్రువీకరించినదా అన్నవి ఆ పరీక్షలో కొలమానాలు. మరమ్మతులు 2023లో ఆగిపోయిన కెర్నెల్‌తో, తాళం వేసి ఉన్న పోకో ఎఫ్1 ఈ పరీక్షలో నెగ్గగలదు. నిరుటి లోపాలన్నీ సరిచేసిన కెర్నెల్ ఉన్న ఇదే ఫోన్ నెగ్గలేదు. భద్రత పేరుతో కొలుస్తున్నది భద్రతను కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. బ్యాంకులు తమ ఖాతాదారుల రక్షణ చూసుకోవాల్సిందే, ఆ బాధ్యతను నేను తక్కువ చేయడం లేదు. కానీ కొలమానం మరమ్మతుల తాజాదనం అయితే ఫలితం వేరుగా ఉండేది.

మరో మార్గం ప్రయత్నించాను. కాల్స్ యాప్‌లో *99# నొక్కితే 2జీ సిమ్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే యూపీఐ మెనూ వచ్చింది. భాష ఎంచుకుని, యూపీఐ పిన్ కొట్టి, మా చెల్లెలికి వంద రూపాయలు పంపాను, చేరాయి. ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయల పరిమితి ఉన్న ఈ సేవ బేసిక్ ఫోన్ల కోసం పెట్టినది. దానికి ఫోన్‌లో ఏ సిస్టమ్ ఉందన్న ప్రశ్నే లేదు. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే కూడా ఆ కోవలోదే. బేసిక్ ఫోన్ ఉన్న రైతుకు, కూలీకి తలుపు మూసుకుపోకూడదని ప్రభుత్వ వ్యవస్థ ఆలోచించినందువల్ల బహిరంగ సిస్టమ్ వాడేవాళ్లకు కూడా ఒక దారి మిగిలింది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం మాత్రం కుదరదు, కెమెరా ఇంకా పనిచేయడం లేదు.

డిసెంబర్ 2025

ఇంతవరకు ఆగిన పనులను ఒక చోట పెట్టి చూస్తే, వోల్టీ, కెమెరా, బ్యాంకు యాప్, బూట్‌లోడర్, వీటిలో ఏదీ ఔత్సాహికుల బద్ధకం వల్ల ఆగలేదు. ప్రతిదాని వెనకా ఒక తయారీదారు, ఒక చిప్ కంపెనీ లేదా ఒక ధ్రువీకరణ ఉంది.

ఈ విషయంలో మన దేశానికి పెద్ద అనుభవమే ఉంది. 2014లో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ 1,999 రూపాయలకు ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో వచ్చింది. 2015 జనవరిలో శాంసంగ్ జెడ్1 5,700 రూపాయలకు టైజెన్‌తో, 2016లో ఇంటెక్స్ ఆక్వా ఫిష్ 5,499 రూపాయలకు ఫిన్‌లాండ్ వారి సెయిల్‌ఫిష్‌తో ఇక్కడే అమ్మకానికొచ్చాయి. సయనోజెన్ అనే సంస్థ తయారుచేసిన ఆండ్రాయిడ్ రూపాంతరం మన దేశంలో ఏ కంపెనీ ఫోన్‌లో ఉండాలన్న వివాదం 2014 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. రెండేళ్లకు ఆ సంస్థ తన సేవలనే ఆపేసింది, దాని కోడ్‌ను ఔత్సాహికులు లీనియేజ్‌ఓఎస్‌గా నిలబెట్టారు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ వారసత్వం కైఓఎస్‌గా మారి జియోఫోన్‌లో కోట్ల మందికి చేరింది, 2021 నవంబర్‌లో జియోఫోన్ నెక్స్ట్ వచ్చేసరికి మళ్లీ ఆండ్రాయిడే. సిస్టమ్ బాగోలేక ఇవన్నీ పోయాయని నేననుకోను. వాటిని ఒక్కో ఫోన్ నమూనా కోసం వాడుకున్నారు, హార్డ్‌వేర్‌కు సంబంధించిన కోడ్‌ను ఉమ్మడి చోటికి చేర్చలేదు, కాబట్టి తరువాతి ఫోన్‌కు పని మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

చట్టం వైపు కొంత కదలిక ఉంది. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ఆండ్రాయిడ్ రూపాంతరాలు చేయకుండా తయారీదారులను కట్టడి చేసే ఒప్పందాలను తప్పుపట్టింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించి, కొన్ని ఆదేశాలను పక్కన పెట్టింది. స్వేచ్ఛ కాగితం మీదికి వచ్చింది గానీ జగదీష్ మార్కెట్ దుకాణాల్లో నాకు వేరే సిస్టమ్ ఉన్న కొత్త ఫోన్ కనిపించలేదు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు, అమ్మకం ఆగిన తరువాత కనీసం 5 సంవత్సరాలు సిస్టమ్ నవీకరణల లభ్యతను, 7 సంవత్సరాలు విడిభాగాలను కోరుతున్నాయి. బూట్‌లోడర్ గురించి అవి ఏమీ అడగలేదు. ఆగస్టులో గూగుల్ మరో ప్రకటన చేసింది: ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, గుర్తింపు నమోదు చేయించుకున్న డెవలపర్ల యాప్‌లే 2026 సెప్టెంబర్ నుంచి మొదట బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో, తరువాత మిగతా దేశాల్లో ఇన్‌స్టాల్ అవుతాయన్నది దాని సారాంశం. ఎఫ్-డ్రాయిడ్ వంటి బహిరంగ యాప్ భాండాగారాలు గట్టిగా అభ్యంతరం చెప్పాక, అనుభవమున్నవాళ్లకు వేరే మార్గం ఇస్తామని నవంబర్‌లో చెప్పింది. ఆండ్రాయిడ్ లోపల స్వేచ్ఛ ఇలా ఒక్కో మెట్టు తగ్గుతున్నప్పుడు దాని బయట నిలబడిన సిస్టమ్‌ల అవసరం పెరుగుతోంది.

చేయదలిస్తే తయారీదారులు చేయగలరనడానికి ఫెయిర్‌ఫోన్ ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఈ చిన్న కంపెనీ 2023లో ఫెయిర్‌ఫోన్ 5 కోసం మామూలు ఫోన్ చిప్ బదులు క్యూసీఎం6490 అనే పారిశ్రామిక చిప్‌ను ఎంచుకుంది, ఎందుకంటే చిప్ కంపెనీ దానికి ఎక్కువ కాలం మద్దతిస్తుంది. 2031 దాకా నవీకరణలిస్తామని మాట ఇవ్వగలిగింది అందువల్లే. తన ఫోన్ల డ్రైవర్లను ప్రధాన కెర్నెల్‌కు పంపించే పనిని కూడా ఆ కంపెనీ ఉద్యోగంలో భాగంగా చేయిస్తోంది. గూగుల్, శాంసంగ్ కూడా తమ పై శ్రేణి ఫోన్లకు 7 సంవత్సరాల నవీకరణలు ప్రకటించాయి, అది స్వాగతించదగినదే. అయితే ఎనిమిదో ఏట ఆ ఫోన్ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు తాళం దగ్గరే ఉంది.

మన వినియోగదారుల వ్యవహారాల శాఖ ఫోన్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ రూపొందించేందుకు వేసిన సంఘం 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ సూచీలో మార్కులు వేసేటప్పుడు, అధికారిక నవీకరణలు ఆగిన రోజున సర్వర్ అనుమతి అక్కర్లేకుండా బూట్‌లోడర్ తెరుచుకుంటుందా అన్న ప్రశ్నను చేర్చాలని ఆ శాఖకు లేఖ రాశాను. ప్రధాన కెర్నెల్‌కు డ్రైవర్లు చేర్చమని కంపెనీలను ఒప్పించడం పెద్ద పని, ఖర్చుతో కూడినది. ఆఖరి నవీకరణలోనే తాళాన్ని వదిలేయమని అడగడం మాత్రం ఏ కంపెనీకీ భారం కాదు, అందుకే ముందు అదే అడగాలి.

ప్రస్తుత స్థితి: తెలుగు రాత పూర్తిగా సాగుతోంది. 2జీ మీద కాల్స్, *99# మీద చెల్లింపులు పనిచేస్తున్నాయి. పక్కన పెట్టినప్పుడు ఆండ్రాయిడ్‌లో కంటే త్వరగా ఛార్జింగ్ తగ్గుతోంది, నిద్రావస్థలో మోడెమ్ ఎన్నిసార్లు మేల్కొలుపుతోందో లాగ్‌లలో చూస్తున్నాను. జనవరిలో కీబోర్డు ఫైలును పంపి, ఇదే చిప్ ఉన్న ఫోన్లలో వోల్టీ కోసం ఇతరులు చేస్తున్న ప్రయోగాలను నా సిమ్‌తో పరీక్షించడం మొదలుపెడతాను.